వీపు మీద వచ్చిన ఇంజనీరు

ఆ ఊరికి రోడ్డు లేదు గానీ లారీ ఉంది. దానికి చక్రాలు లేవు, రెండు కాళ్లు మాత్రం ఉన్నాయి. యాభై నాలుగేళ్ల మనిషి, పొట్టిగా గట్టిగా ఉంటాడు, మెడ ఎప్పుడూ కొంచెం ముందుకు వంగే ఉంటుంది. బస్సులోంచి దిగిన ఏ సరుకైనా అతని వీపెక్కాకే ఊరి మొహం చూస్తుంది. గ్యాస్ సిలిండర్లు, సిమెంటు బస్తాలు, బడి బెంచీలు, ఒకసారైతే రెండు ముక్కలుగా విప్పిన ఇనప బీరువా. నడవలేని రోగుల్నీ, తాగి పడిపోయిన పెద్దమనుషుల్నీ, పట్నం ఆస్పత్రిలో కన్నుమూసి ఊరికి తిరిగొచ్చేవాళ్లనీ అతనే తెచ్చాడు. కన్నతల్లి పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది, అది ఎవరికీ అవసరం పడలేదు. పిల్లలు లారీ మావయ్య అంటారు, పెద్దవాళ్లు ఒట్టి లారీ అంటారు. ఎవరెలా పిలిచినా పలికేవాడు, ఎవరేం అడిగినా "పర్లేదు" అనేవాడు. మంచి మనిషి. ఆ మంచితనం ఎంత పని చేసిందో చెప్తాను, వినండి.

బస్సు ఆగే చోటి నుంచి ఊరికి రెండు దారులు. పైదారి మూడు కొండలు ఎక్కి దిగుతుంది. చేతులూపుకుంటూ నడిచినా ఐదు గంటలు. రెండోది ఒడ్డుదారి, కొండ కింద సముద్రం పక్కన ఇసుకలోంచీ రాళ్ల మీంచీ పోతుంది. అటుగా వెళ్తే రెండు గంటల్లో ఊళ్లో ఉండొచ్చు. కానీ నీళ్లు బాగా వెనక్కి తగ్గిన రోజుల్లో, అదీ ఏ మూడు గంటలో నాలుగు గంటలో, అంతే ఆ దారి బయటపడేది. వానాకాలమంతా అసలు కనపడదు. ఇక పడవ మాట అడగకండి. ఊరి ముందంతా మునిగిన రాళ్లే. పడవలోంచి నడుంలోతు నీళ్లలోకి దూకి, అల వెనక అల తగులుతుంటే ఒడ్డుకు పరిగెత్తగలిగినవాళ్లకే అది రేవు.

అలా దూకలేనివాళ్లలో లారీ భార్య ఒకతె. ఊరందరికీ ఆమె టైలరమ్మ. ఆరేళ్ల కిందట తడి మెట్ల మీద జారి పడింది. తుంటి దగ్గర ఏదో కలుక్కుమంది. నాలుగు రోజుల్లో తగ్గుతుందనుకున్నారు, తగ్గలేదు. లారీ ఆమెను మనుషుల్ని మోయడానికి వీపుకు తగిలించుకునే తన పలక కుర్చీలో కూర్చోబెట్టుకుని, తలపట్టీ నుదుటికి తగిలించుకుని పట్నం తీసుకెళ్లాడు. పైదారిన బస్సు దాకా వెళ్లేటప్పుడు ఐదు గంటలు, వచ్చేటప్పుడు ఐదు గంటలు. కాళ్లు వేలాడుతూ ప్రతి అడుగుకీ తుంటి కదులుతుంటే ఆమె కింది పెదవి కొరుక్కుంది. ఇంటికొచ్చేసరికి పెదవి మీద రక్తం గడ్డకట్టి ఉంది.

డాక్టరు ఎక్స్‌రే తీసి చూసి, కీలు మార్చాలన్నాడు. మారిస్తే లేచి నడుస్తుంది, సందేహం లేదు. కాకపోతే మూడు నెలల పాటు కాలు వేలాడకూడదు, ముడవకూడదు. వారం వారం బండిలో పడుకోబెట్టి తీసుకురావాలి. "బండి మీ ఇంటిదాకా వస్తుందా?" అని అడిగాడు. రోడ్డే లేని ఊరికి బండెక్కడిది? పట్నంలో వాళ్లకు నా అన్నవాళ్లు లేరు, మూడు నెలలు పెట్టుకుని చూసేవాళ్లూ లేరు. లారీ లేకపోతే ఊరికి ఉప్పు కూడా రాదు.

"రోడ్డొచ్చాక చేయించుకుందాంలే" అంది టైలరమ్మ. అప్పటినుంచీ ఆమెకు రోడ్డంటే తారూ కంకరా కాదు, తన కాలు. మిషన్ ముందు కూర్చుని కుడుతూనే రోడ్డు గురించి వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ అడిగేది. కుడికాలు పనిచేయదు కాబట్టి ఎడమకాలితోనే మిషన్ తొక్కేది.

ఆమె అన్నయ్యకు ఊళ్లో కిరాణా కొట్టుంది. ఊరికి పెద్ద కూడా అతనే. అర్జీలు పెట్టీ పెట్టీ అతని చెప్పులరిగాయి. చివరికి రోడ్ల శాఖ కదిలింది. ఒక ఇంజనీరు స్వయంగా వచ్చి దారి చూస్తాడట. మామూలు మనిషికి నడకలో మూడు గంటలు దాటే ఊళ్లకు ఈ ఏడు రోడ్డు వేస్తారట. మూడు లోపలైతే లేదు. అంతే లెక్క.

కొట్టువాడు ఆ పూటే లారీ ఇంటికొచ్చాడు. "బావా, ఆయన్ని తీసుకొచ్చేది నువ్వే. పైదారిన తీసుకురా. మనమేం అబద్ధం ఆడట్లేదు, ఏడాదిలో ముప్పాతిక మనం నడిచేది ఆ దారే కదా. ఆయన కాళ్లతో ఆయన నడవాలి, ఆయన గడియారం ఆయన చూసుకోవాలి. నువ్వు పక్కన ఉండు చాలు."

"అంతేగా, పర్లేదు బావా" అన్నాడు లారీ.

టైలరమ్మ దారం ఎక్కిస్తున్నది ఆపి మొగుడి మొహం చూసింది. ముప్పై ఏళ్ల కాపురం, ఆమెకు తెలియని మడత ఆ మొహంలో లేదు. "ఏమయ్యా, ఆ ఒక్క రోజుకీ మంచోడివి కాకు. నీకు దణ్ణం పెడతాను" అంది.

"ఊరుకోవే, నేనేమన్నా చిన్నపిల్లాడినా!" అని నవ్వేశాడు.

ఇంజనీరు పొద్దున బస్సుకు దిగాడు. భారీ మనిషి, కొత్త బూట్లు, మెడలో ఈల, భుజాన బ్యాగు, చేతిలో ఫారాలున్న అట్ట. గడియారం చూసి "ఎనిమిదీ ఇరవై" అని పైకే చదివి రాసుకున్నాడు. "పద పెద్దాయనా" అన్నాడు హుషారుగా. ఆ హుషారు మొదటి కొండ సగం ఎక్కేదాకా ఉంది. ఆ తర్వాత మాట తగ్గింది, మొహం ఎర్రబడింది, ఆపైన తెల్లబడింది. ముప్పావుగంటకల్లా ఒక బండరాయి మీద కూలబడి ఛాతీ మీద చెయ్యేసుకున్నాడు.

"నాకు గుండెకు స్టెంటు వేశారయ్యా. ఇంట్లో చెప్పకుండా వచ్చాను. ఆఫీసులో కూడా చెప్పలేదు, చెప్తే కుర్చీలో కూర్చోబెట్టేస్తారు. నా వల్ల కాదు. వెనక్కి వెళ్లిపోదాం" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

చూడండి, అక్కడ అయిపోవలసింది కథ. "సరే సారూ" అని చెయ్యి పట్టుకుని మెల్లగా దింపి బస్సెక్కిస్తే, ఆ మనిషి ఆఫీసుకెళ్లి ఏం రాస్తాడు? మామూలు మనిషి చేరలేని ఊరు అనే కదా రాస్తాడు! రోడ్డు దానంతటదే నడిచొచ్చేది. ఈ మాట పసిపిల్లకు కూడా తడుతుంది. లారీకి మాత్రం తట్టలేదు. ఎందుకంటే అతను మోతవాడు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. అందుకున్న బరువు వెనక్కి తీసుకుపోవడమనేది వాళ్ల ఇంట్లో తరతరాలుగా లేదు. ఎత్తిన బరువు తడవకూడదు, ఒరగకూడదు, మనిషైతే భయపడకూడదు. ముప్పై రెండేళ్లలో ఒక్క బస్తా, ఒక్క మనిషి అతని చేతిలోంచి సగం దారిలో వెనక్కి వెళ్లలేదు. రాయి మీద కూలబడిన మనిషిని చూడగానే ఇంజనీరు, రోడ్డు, తుంటి, పెళ్లాం పెట్టిన దణ్ణం అన్నీ బుర్రలోంచి ఎగిరిపోయాయి. కళ్ల ముందు మిగిలింది ఒక బరువు. ఓ ఎనభై ఐదు కిలోలు ఉంటుంది.

"వెనక్కెందుకు సారూ, నేనున్నానుగా" అన్నాడు.

కుర్చీ ఎప్పుడూ వీపునే ఉంటుంది. దాన్ని దించి, ముందు మోకరిల్లాడు. ఇంజనీరు మొహమాటపడ్డాడు, ఛీఛీ అన్నాడు, ఎవరైనా చూస్తారన్నాడు, ఎక్కాడు. ఆ బరువుతో రెండు కొండలెక్కితే మనిషి కుదిలిపోతాడనీ, ఆ గుండెకు ఏమన్నా అయితే ఎలా అనీ లారీ లెక్కవేశాడు. అదృష్టమో దురదృష్టమో ఆ రోజు సముద్రం వెనక్కి తగ్గి ఉంది. కొండ భుజం మీద నుంచి గండిలోకి దిగి ఒడ్డుదారి పట్టాడు. నీళ్లు తిరిగొచ్చే వేళ దగ్గర పడుతోందని అడుగు పెంచాడు. ఎక్కడా ఆగలేదు. ఊతకర్ర మీద కుర్చీ ఆనించి రెండు క్షణాలు ఊపిరి పీల్చుకోవడం, మళ్లీ నడవడం.

వీపు మీది మనిషికి ప్రాణం కుదుటపడింది. గాలి తగిలింది. "అబ్బ, ఎంత బాగుందయ్యా ఇక్కడ!" అన్నాడు. పక్షుల పేర్లడిగాడు. తర్వాత కాసేపు కునుకు తీశాడు. లారీకి మూడు గంటల లెక్క అప్పుడు గుర్తొచ్చింది. వస్తే, తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. నడిచిందే లేదు, నడిచిన టైమెక్కడిది? పైగా తన వీపు మీద కూర్చుని వచ్చినవాడికి ఆ ఊరి కష్టం వేరే చెప్పాలా? మోయించుకున్నవాడికి తెలియదా? పిచ్చి సన్నాసి. మోసినవాడికి తెలుస్తుంది గానీ మోయించుకున్నవాడికి ఏం తెలుస్తుంది!

ఊరు మలుపు తిరగ్గానే వచ్చేస్తుందనగా, "ఇక్కడ దించు" అన్నాడు ఇంజనీరు. దిగి బూట్లు దులుపుకున్నాడు. దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. "నీ మేలు మర్చిపోను పెద్దాయనా. మనలో మాట మనలోనే ఉండనీ" అని, ఫారాల అట్ట చంకలో పెట్టుకుని ముందు నడిచాడు.

పదకొండు గంటలకు ఊరంతా కొట్టు ముందు పోగై ఉంది. ఏ మధ్యాహ్నం రెండింటికో కుంటుకుంటూ వస్తాడనుకున్న మనిషి, చెమటచుక్క లేకుండా విలాసంగా నడిచొచ్చాడు. కొట్టువాడి మొహంలో కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. ఇంజనీరు గడియారం చూసి, "రెండు గంటల నలభై నిమిషాలు" అని చదివి రాసుకున్నాడు.

టైలరమ్మను ఎవరో కుర్చీతో సహా తెచ్చి కొట్టు అరుగు మీద కూర్చోబెట్టారు. ఆమె ఇంజనీరును చూడలేదు, మొగుడిని చూసింది. చొక్కా పిండితే నీళ్లొచ్చేలా ఉంది. నుదుటి మీద తలపట్టీ ఒరిపిడి ఎర్రగా కనపడుతోంది. ఖాళీ కుర్చీకి ఆ గుర్తు పడదు, ఆమెకు తెలుసు.

"సారూ, మా ఆయన మిమ్మల్ని మోసుకొచ్చాడు కదా. ఆ మాట కూడా రాయండి" అంది, ఊరంతా వినేలా.

ఇంజనీరు నవ్వాడు. "నా బ్యాగు మోశాడమ్మా, చాలా మంచి మనిషి. ఏం పెద్దాయనా?" అంటూ లారీ వైపు తిరిగాడు. నోరు నవ్వుతోంది గానీ కళ్లు బతిమాలుతున్నాయి. రాయి మీద కూర్చున్నప్పటి కళ్లే.

ఊరు ఊరంతా లారీ నోటి వంక చూసింది. కొట్టువాడు "చెప్పు బావా, భయపడకు" అన్నాడు. భయం కాదండీ అది. భయమైతే ఎంత బాగుండేది! తాగినవాణ్ని మోసినా, ఏడ్చేదాన్ని మోసినా, మోసిన మనిషి గుట్టు బయట పెట్టకపోవడం కూడా అతని పనిలో భాగమే. లేకపోతే రేపు ఎవరెక్కుతారు వీపు మీద? తెలిస్తే ఆఫీసు కుర్చీకే కట్టేస్తారని భయపడ్డ మనిషి, ఇంట్లో పెళ్లాం పిల్లలున్న మనిషి, తనను నమ్మి ఎక్కిన మనిషి.

"బ్యాగు మోశాను" అన్నాడు.

ఊరందరి ముందు టైలరమ్మను అబద్ధాలకోరును చేసి కూర్చోబెట్టాడు. చేసింది ఎవరో కాదు, తాళ్లతో వీపుకు కట్టుకుని పది గంటలు ఆమెను మోసిన మనిషి.

మర్నాడు నీళ్లు తగ్గే వేళకు ఇంజనీరు బయల్దేరాడు. మలుపు దాటేదాకా నడిచాడు, దాటాక ఎక్కాడు. అవును, మళ్లీ మోశాడు! ఏం చేస్తాడు, సగం పనిలో వదిలేస్తాడా? దిగేటప్పుడు ఇంజనీరు అతని చేతులు పట్టుకుని, "మీ ఊరి గురించి మంచిగా రాస్తాను, నాదీ పూచీ" అన్నాడు.

మంచిగానే రాశాడు. రెండు నెలలకు కాయితం వచ్చింది. కొట్టువాడు అరుగు మీద నిలబడి చదివాడు. "సాధారణ ఆరోగ్యం గల మధ్యవయస్కుడు రెండు గంటల నలభై నిమిషాలలో ఎట్టి అలసట లేకుండా చేరగలిగినాడు. రోడ్డు ఆవశ్యకత కానరాదు. మార్గము మిక్కిలి సుందరము. కాలినడక యాత్రికులకు ఎంతయు అనువైనది. వాహనములను అనుమతించకుండుట మేలు." ఫారంలో నడిచిన సమయం అని ఒక గడి ఉంది. మోయబడిన సమయం అని గడి ఉండదు కదా.

కొట్టువాడు ఆ కాయితం మడిచి లారీ జేబులో పెట్టాడు. "ఇరవై నిమిషాలు బావా. ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చినా సరిపోయేది. ఎక్కడన్నా కూర్చుని ఇంత టీ తాగి వచ్చినా సరిపోయేది. నా చెల్లెలు నీకేం అన్యాయం చేసింది?" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

లారీ ఇంటికెళ్లి భార్య ముందు నేల మీద కూర్చున్నాడు. "ఏదో అయిపోయిందే. ఆయన గుండె జబ్బు మనిషి. నేను మోయకపోతే అక్కడే..." అని ఏడ్చాడు.

"మోయొద్దన్నానా నేను?" అంది ఆమె. "వెనక్కి మోయాల్సింది. అటు కూడా దారే కదయ్యా."

అతనికి అప్పుడు తట్టింది. నిజంగా, అప్పటిదాకా తట్టలేదు. ఆమె సూదిలోకి దారం ఎక్కించుకుంది. ఆ తర్వాత ఆమె ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. సాధిస్తే మొగుడి గుండె తేలికపడుతుందని ఆమెకు తెలుసు. తేలిక పడనివ్వలేదు. నీళ్లు కావాలంటే నీళ్లంది, కత్తెర కావాలంటే కత్తెరంది, అంతే.

ఆ పై ఏడు దారి మొదట్లో రంగుల బోర్డు లేచింది. వాహనాలు నిషిద్ధం, రోడ్డు లేని ఊరికి రెండున్నర గంటల హాయైన నడక, అన్ని వయసుల వారికీ అనుకూలం. వీపున సంచులు, చేతుల్లో కర్రలతో మంది రావడం మొదలెట్టారు. సముద్రం తగ్గే వేళలన్నీ అచ్చేసి బోర్డు కింద అంటించారు. ఆ వేళల్లోనే వస్తారు, ఆ వేళల్లోనే పోతారు. పైదారి అనేది ఒకటుందని వాళ్లకు తెలియదు. లారీకి చేతినిండా పని దొరికింది. నడుద్దామని వచ్చినవాళ్ల సంచులు మోయడమే ఆ పని. వాళ్లు ఖాళీ చేతులతో ముందు నడుస్తూ స్వచ్ఛమైన గాలి గురించి మాట్లాడుకుంటారు. ఊళ్లో ఎవరూ అతన్ని తిట్టలేదు, వెలివేయలేదు. అతను లేకపోతే ఉప్పు రాదని చెప్పాను కదా. కాకపోతే లారీ మావయ్యా అని పిలిచి నవ్వేవాళ్లు లేరు. సరుకు దింపమంటారు, దింపాక తలుపేసుకుంటారు.

మూడో ఏడు టైలరమ్మకు ఎడమకాలు కూడా మొరాయించింది. బరువంతా ఆ ఒక్క కాలి మీదే పడితే అది మాత్రం ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? మిషన్ తొక్కడం పోయింది. చేతికుట్టు మిగిలింది. లారీ పాత ఎక్స్‌రే పట్టుకుని ఒక్కడే పట్నం వెళ్లి డాక్టర్ని కలిశాడు. కొత్తది తీస్తే గానీ చెప్పలేననీ, కానీ ఇన్నేళ్లకు ఎముక అరిగి కీలు పట్టుకోవడానికేమీ మిగిలి ఉండదనీ చెప్పాడాయన. "అప్పుడే తేవలసింది" అన్నాడు. అందరూ అనే మాటే.

మొన్న ఎండాకాలం ఒకామె వచ్చింది. ముప్పై ఐదేళ్లుంటాయి, నవ్వు మొహం, ఎవరితోనైనా ఇట్టే కలిసిపోయే మనిషి. దారిలో ఆమె సంచి పట్టీ తెగింది. తెగిన సంచిని లారీ మోసుకొచ్చి, "మా ఇంట్లో కుడతారమ్మా" అని వెంటబెట్టుకొచ్చాడు. టైలరమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పట్టీ కుడుతోంది. వచ్చినామె నేల మీద చతికిలబడి, కిటికీలోంచి కనపడే సముద్రాన్ని చూసి పెద్దగా ఊపిరి పీల్చుకుంది.

"మీరెంత అదృష్టవంతులండీ! హారన్ లేదు, పొగ లేదు. నాకైతే ఇక్కడే ఉండిపోవాలనుంది."

"ఉండమ్మా" అంది టైలరమ్మ.

"రోడ్డు పడిందా, అంతా పాడైపోతుంది. ఎన్ని ఊళ్లు చూశాను! రేపు ఎవరన్నా రోడ్డేస్తామని వస్తే ఒప్పుకోకండి."

"ఒకసారి వచ్చారమ్మా, వేస్తామని."

"అయ్యో! మరి ఎలా ఆగింది? ఎవరో గానీ పుణ్యాత్ములు, అడ్డుపడి ఆపారన్నమాట. అలాంటివాళ్ల కాళ్లకు దణ్ణం పెట్టాలండీ."

టైలరమ్మ తల ఎత్తకుండా, దారం పంటితో తెంపింది. "మా ఆయనేనమ్మా ఆపింది. అదిగో, గుమ్మంలో ఉన్నాడు. పెట్టు."

లారీ గ్లాసుతో మంచినీళ్లు తెస్తూ గుమ్మంలో ఆగిపోయాడు. వచ్చినామె మొహం వెలిగిపోయింది. లేచి నిలబడింది, చున్నీ సర్దుకుంది, రెండు చేతులూ జోడించి అతని ముందు నిజంగానే వంగింది. "మీలాంటివాళ్ల వల్లే ఇంకా ఇలాంటి చోట్లు మిగిలాయండీ. చాలా థాంక్స్" అంది. ఆ గొంతులో వెటకారం లేదు, పాపం, మనస్ఫూర్తిగానే అంది.

లారీ భార్య వైపు చూశాడు. ఆమె సంచి పట్టీ రెండు చేతులా పట్టుకుని, గట్టిగా ఉందో లేదో లాగి చూస్తోంది.

"పర్లేదమ్మా" అన్నాడు లారీ.